సెలరీ షెడ్డులో గిటారు మరమ్మతు

విల్మా డైక్‌స్ట్రా పక్క కుర్చీలో నేను పందొమ్మిదేళ్ళు కూర్చున్నాను. ఆవిడ మొండిదనీ, నోటి దురుసు మనిషనీ మా ఊళ్ళో చెప్పుకుంటారు. మొండిదన్నది నిజమే. నోటి దురుసు మాత్రం కాదు. ఇరవై నాలుగేళ్ళు నోరు మూసుకుని పనిచేసిన మనిషి ఒకరోజు నోరు తెరిచేసరికి వినేవాళ్ళకి అలా తోచింది, అంతే.

మిషిగన్‌లోని మా ఎల్మ్‌హేవెన్‌లో అప్పట్లో బతకడానికి రెండే దారులు. ఒకటి నల్లమట్టి చేలల్లో సెలరీ అనే ఆకుకూర పెంచడం, రెండోది గిటార్ల ఫ్యాక్టరీ. విల్మా వాళ్ళ నాన్న సెలరీ రైతు. పెళ్ళయ్యేదాకా విల్మా ఆ మట్టిలో మోకాళ్ళ మీద పాకుతూ నారు నాటింది. పిల్లలిద్దరూ బడికి వెళ్ళడం మొదలెట్టాక, 1959లో ఫ్యాక్టరీలో చేరింది. ఐదేళ్ళ తర్వాత నేను చేరాను. నా పేరు బెర్డీన్.

మా బల్ల దగ్గర పదిమంది ఆడవాళ్ళం ఉండేవాళ్ళం. ఎలక్ట్రిక్ గిటారులో తీగల కింద చిన్న పెట్టె ఒకటి ఉంటుంది, దాన్ని పికప్ అంటారు. లోపల అయస్కాంతం, దాని పక్కన వెంట్రుక కంటే సన్నటి రాగితీగ వేల చుట్లు చుట్టిన చుట్టలు ఉంటాయి. పైన తీగ మీటితే ఆ కదలికని పట్టుకుని స్పీకరుకి పంపేది అదే. అది చచ్చిపోతే ఎలక్ట్రిక్ గిటారు ఉత్త చెక్కముక్క. ఆ రాగితీగ చుట్టడమే మా పని. తిప్పడం మిషనే తిప్పుతుంది కానీ తీగని వేళ్ళ సందున పట్టుకుని నడిపేది మేమే. కాస్త గట్టిగా లాగితే పుటుక్కున తెగుతుంది, వదిలేస్తే చుట్ట వదులవుతుంది. నాకు పట్టు చిక్కడానికి రెండేళ్ళు పట్టింది. కంపెనీ కాగితాల్లో మాత్రం మాది 'రెండో తరగతి, అర నైపుణ్యం' కిందికి వచ్చే ఉద్యోగం.

మా మీద ఫోర్‌మన్ రోలండ్ హార్ట్‌సెల్. పక్కనే మగవాళ్ళ మరమ్మతు బల్ల దగ్గర అతనూ పనిచేసేవాడు. మనిషి చెడ్డవాడేం కాదు. క్రిస్మస్‌కి అందరికీ తలా ఒక నారింజపళ్ళ బుట్ట ఇచ్చేవాడు. మాకు యాభై దాటినా అతనికి మేం 'అమ్మాయిలం'. అతను మాకు ఎప్పుడూ మిస్టర్ హార్ట్‌సెల్.

1983లో కంపెనీ పనంతా దక్షిణాదికి తరలించి ఇక్కడ తాళం వేసింది. మూడు నెలలు తిరక్కుండానే రోలండ్ నలుగురు మగవాళ్ళని వెంటబెట్టుకుని పెద్దవీధిలో గిటార్లు బాగుచేసే షాపు తెరిచాడు. విల్మా నన్ను తోడు తీసుకుని అక్కడికి వెళ్ళింది. చర్చికి వేసుకునే కోటు వేసుకుంది.

"మిస్టర్ హార్ట్‌సెల్, పికప్‌లు చుట్టే మనిషి మీకు కావాలేమోనని వచ్చాను" అంది.

"ఇప్పుడెవరు చుట్టిస్తారు విల్మా? పాతది పీకేసి కొత్తది బిగించేస్తే పనైపోతుంది."

"సరే, మిగతా పని చేస్తాను. మెడమీద అరిగిన ఫ్రెట్లు మార్చడం, విరిగిన మెడలు అతికించడం."

"అవన్నీ నీకెలా వచ్చు?"

"మీ వాళ్ళ బల్ల నాకు నాలుగడుగుల దూరంలో ఉండేది. ఇరవై నాలుగేళ్ళు కళ్ళు మూసుకుని కూర్చోలేదు నేను."

రోలండ్ నవ్వాడు. వెనక బల్ల దగ్గరున్నవాళ్ళూ నవ్వారు. "చూడ్డం వేరు, చెయ్యడం వేరు. చాలాకాలం కష్టపడ్డారు అమ్మాయిలూ, ఇంటికెళ్ళి హాయిగా ఉండండి" అన్నాడు.

బయటికి వచ్చాక విల్మా ఏడుస్తుందేమో అనుకున్నాను. భర్త పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

"విన్నావా బెర్డీన్, అమ్మాయిలట. నాకు నలుగురు మనవలు" అంది. అని నేరుగా ఇనుప సామాన్ల కొట్లోకి వెళ్ళి రెండు ఆకురాళ్ళు కొంది.

ఇంటి వెనక వాళ్ళ నాన్న సెలరీ కడిగే షెడ్డు ఉంది. సిమెంటు నేల, ఉత్తరం వైపు పొడుగాటి కిటికీ. అందులో ఒక బల్ల వేసుకుంది. తన కుట్టుమిషను మోటారు ఊడదీసి తీగ చుట్టే యంత్రం తయారుచేసుకుంది. వేగం కాలితోనే, పాత పెడలుతోనే. చర్చి సంతల్లో దొరికిన పనికిరాని గిటార్లు తెచ్చి రెండేళ్ళు వాటి మీద చెయ్యి తిప్పింది. పాడుచేసినవీ ఉన్నాయి. ఒకదాని మెడ వేడి ఎక్కువై అరటి తొక్కలా వంకర తిరిగింది. దాన్ని దాచిపెట్టలేదు, కిటికీ పక్కన మేకుకి తగిలించింది. "రోజూ నా కళ్ళెదురుగా కనబడాలి అది" అనేది.

ఆ తర్వాత రోడ్డు వైపు బోర్డు పెట్టింది. 'విల్మా డైక్‌స్ట్రా. గిటార్లు బాగుచేయబడును. ఫ్యాక్టరీలో ఇరవై నాలుగేళ్ళ అనుభవం.' వారం తిరక్కుండా రోలండ్ ఫోను చేశాడు. ఆ చివరి మాట తీసెయ్యమన్నాడు. తీగ చుట్టినవాళ్ళు అనుభవం అని రాసుకుంటే జనం మోసపోతారన్నాడు. విల్మా అంతా విని ఫోను పెట్టేసి, రంగు డబ్బా, కుంచె పట్టుకుని వెళ్ళి ఆ చివరి వరస అక్షరాలు రెండింతలు చేసింది. నిచ్చెన పట్టుకున్నది నేనే.

ఒడెల్ మేబ్రీ 1986 మే నెలలో వచ్చాడు. బెంటన్ హార్బర్‌లో ఇనుము పోతపోసే కార్ఖానాలో పని, వారాంతాల్లో హాళ్ళలో బ్లూస్ సంగీతం వాయించేవాడు. మిసిసిపీ నుంచి వచ్చిన నల్లజాతి మనిషి, అరవైకి దగ్గరపడ్డవాడు, మెల్లగా మాట్లాడతాడు. గిటారు పెట్టె బల్లమీద పెట్టి, మూత తియ్యకుండా కాసేపు దానిమీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"మిస్ విల్మా, మనసు గట్టి చేసుకుని చూడండి" అన్నాడు.

ఎర్ర గిటారు. 1966లో మా ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. కుడిచెయ్యి ఆనే చోట రంగంతా పోయి చెక్క బయటపడింది. ఫ్రెట్లు, అంటే మెడమీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు, తీగలు ఒరుసుకుని గాళ్ళు పడ్డాయి. వాటి మధ్య చెక్క కూడా ఒడెల్ వేళ్ళకి గుంటలు తేలింది. వ్యానులో పెద్ద స్పీకరు మీదపడి, మెడ తలకాయ దగ్గర, తీగలు బిగించే మరలుండే చోట, విరిగింది. ఎవరో తెలిసినవాడు రెండు స్క్రూలు దిగ్గొట్టి జిగురు పోశాడు. రెండు పికప్‌లలో ఒకటి పలకడం లేదు.

"హార్ట్‌సెల్ గారి షాపుకి తీసుకెళ్ళాను. మెడ మార్చాలి, పికప్‌లు మార్చాలి, మొత్తం గీకి కొత్తరంగు వెయ్యాలన్నారు. అదంతా చేస్తే నాదేం మిగులుతుంది సార్ అని అడిగాను. అయితే విడిభాగాల కింద మాకు అమ్మెయ్యి అన్నారు."

"మీరేమన్నారు?"

"ఇరవయ్యేళ్ళు నాతో ఉన్నదాన్ని ముక్కలకి అమ్మను సార్ అన్నాను. గుమ్మం దిగుతుంటే వాళ్ళలోనే ఒకాయన మీ బోర్డు సంగతి చెవిలో చెప్పాడు."

విల్మా మెడ విరిగినచోట గోటితో రాసి చూసింది. "అవుతుందో లేదో ఇప్పుడే చెప్పను. కాకపోతే మాత్రం కాలేదని చెప్తాను, కప్పిపుచ్చను" అంది. ఒడెల్ తలూపి పెట్టె వదిలి వెళ్ళాడు.

ముందు పలకని పికప్ విప్పింది. రెండు చుట్టల్లో ఒకటి బాగానే ఉంది. రెండోదాన్ని మీటరుతో చూస్తే ముల్లు కదల్లేదు. పై పట్టీ ఒలిచి చూసి ఆగిపోయింది. కళ్ళద్దాలు సర్దుకుని, పక్కన స్టూలు మీద కాఫీ తాగుతున్న నా వైపు తిరిగింది.

"బెర్డీన్, ఇలా రా. ఇదెవరి చెయ్యో చెప్పు."

పట్టీ కొసని లోపలికి రెండుసార్లు మడిచి అంటించి ఉంది. గౌను అంచు మడిచినట్టు. మా అమ్మ నేర్పిన మడత అది. పదిమందిలో నేను తప్ప ఎవరూ అలా వేసేవాళ్ళు కాదు.

"నాదే" అన్నాను.

"మరి లోపల తీగ మొదటి కొస అతుకు సగమే పట్టింది. ఆదివారం ఎక్కువ తిని సోమవారం పనికి వచ్చినట్టున్నావ్."

"ఇరవయ్యేళ్ళు పలికింది కదా."

"పలికింది. ఇరవై ఒకటో ఏడు ఎందుకు పలకలేదని అడుగుతున్నాను."

ఇద్దరం నవ్వాం. రోజుకి డజన్లకొద్దీ చుట్టి పెట్టెల్లో వేసేవాళ్ళం. ఎక్కడికి పోతున్నాయో, ఎవరు వాయిస్తున్నారో మాకు తెలియదు. ఒక్కటైనా తిరిగొచ్చి కళ్ళపడుతుందని ఎప్పుడూ అనుకోలేదు. తిరిగొచ్చింది, అదీ నా తప్పుతో.

"లే, నువ్వే చుట్టు" అంది విల్మా.

"మూడేళ్ళయింది నేను తీగ ముట్టుకుని."

"అయితే నాలుగో ఏడు రాకముందే కూర్చో."

కూర్చున్నాను. రెండుసార్లు తెగింది. మూడోసారికి వేళ్ళకి గుర్తొచ్చింది. ఐదు వేల చుట్లు. కొసలు ఈసారి నేనే అతికి, నేనే మీటరు పెట్టి చూశాను. ముల్లు లేచింది. కరిగించిన మైనంలో ముంచి తీసి ఆరబెట్టాం. షెడ్డంతా కొవ్వొత్తి వాసన.

మెడ మాత్రం మాట వినలేదు. పాత స్క్రూలు తీసి, గట్టిపడ్డ జిగురుని వేడిచేసి రేణువు రేణువుగా గీకడానికే ఆరు రోజులు పట్టింది. తర్వాత చీలికలోకి మంచి జిగురు దించి, సైకిలు ట్యూబు ముక్కలతో చుట్టి, బిగింపులు వేసి రెండు రోజులు వదిలేసింది. చూడ్డానికి గీత కూడా కనబడలేదు. ఒడెల్‌ని పిలిపించి అతని ఎదురుగానే తీగలు ఎక్కించింది. ఆరు తీగలూ కలిసి లాగితే ఒక మనిషి బరువు దాకా ఉంటుంది. ఐదో తీగ శ్రుతికి వచ్చేసరికి ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. మెడ మళ్ళీ తెరుచుకుంది.

విల్మా తీగలన్నీ వదులు చేసింది.

"కాలేదు. పాత జిగురు చెక్క లోపలికి ఇంకిపోయింది. కొత్తది పట్టదు. అంతా పోయిందనుకున్నాను, తప్పు నాదే" అంది.

ఒడెల్ కుర్చీలోంచి లేచాడు. తీసుకుపోతాడనుకున్నాను. టోపీ తీసి మేకుకి తగిలించి మళ్ళీ కూర్చున్నాడు. "పోతపోసేటప్పుడు మొదటి అచ్చు పగిలితే మేం కార్ఖానా మూసెయ్యం మిస్ విల్మా. ఇంకో దారి ఏముంది, చెప్పండి."

"ఉంది. కానీ కనబడుతుంది."

ఆ సంగతి రెండు రోజుల్లో ఊరంతా తెలిసింది. రోలండ్ క్షౌరశాలలో కూర్చుని, సెలరీ కడిగేచోట గిటారు పెడితే ఏమవుతుందో చూశారుగా అన్నాడట. ఎవరో ఆ మాట మోసుకొచ్చి చెప్పారు. విల్మా వంటింట్లోకి వెళ్ళి భోజనాల బల్ల దగ్గరి కుర్చీ ఒకటి తలకిందులు చేసి కాలు కోసేసింది. గట్టి మేపుల్ చెక్క.

"ఆదివారం అందరూ భోజనానికి వస్తే?" అన్నాను.

"ఒకళ్ళు నిలబడి తింటారులే."

మెడ వెనక, చీలిక మీదుగా నిలువునా రెండు గాళ్ళు తీసింది. కుర్చీ కాలుని పట్టీలుగా చెక్కి, ఆకురాయితో రుద్దుతూ, వేలితో తోస్తే దిగి, కుదిపితే ఊడకుండా ఉండేదాకా సరిచేసింది. తొమ్మిదిసార్లు తీసి పెట్టి చూసింది. అప్పుడు జిగురు. కొత్త ఫ్రెట్లు కొట్టింది కానీ ఒడెల్ వేళ్ళు చేసిన గుంటలు నింపలేదు. ముందువైపు అరిగిన రంగు జోలికి పోలేదు. ఈసారి వారంరోజులు బిగింపులు తియ్యలేదు.

తీగలు ఎక్కాయి. ఐదోది, ఆరోది. ముగ్గురం చెవులు రిక్కించాం. ఏ చప్పుడూ లేదు. ఎర్ర మెడ వెనక రెండు తెల్లటి చారలు కొట్టొచ్చినట్టు కనబడుతున్నాయి.

"రంగు వేసి దాచనా?" అంది విల్మా.

"ఎందుకు దాచడం? నా మోకాలికి కోత కోశారు, ఆ కుట్లు నేను దాచుకుంటున్నానా" అన్నాడు ఒడెల్. చిన్న స్పీకరుకి తగిలించి ఒక తీగ మీటాడు. నా చుట్ట పలికింది. ఒడెల్ తీగని పక్కకి సాగదీసి పట్టుకుంటే ఆ స్వరం కిటికీ అద్దాలు వణికేదాకా నిలబడింది. కళ్ళు మూసుకుని, "ఇదే. దీని గొంతు ఇదే" అన్నాడు.

ఫ్యాక్టరీ మూసేసినా యూనియను వాళ్ళు సెప్టెంబరులో వచ్చే కార్మికుల పండగనాడు పార్కులో వనభోజనాలు ఆపలేదు. ఆ ఏడు వాయించడానికి ఒడెల్ బృందాన్ని పిలిచారు. మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. పాత ఫ్యాక్టరీ వాళ్ళందరూ వచ్చారు, రోలండ్ కూడా. మా పక్క బల్లే వాళ్ళది.

"అదేనా ఆ గిటారు? ఈ ఎండకి జిగురు మెత్తబడుతుంది. మూడో పాటకి మెడ చేతికొస్తుంది చూడండి" అన్నాడు తన వాళ్ళతో, మాకు వినబడేలాగే.

విల్మా బంగాళాదుంపల సలాడు వడ్డించుకుంటోంది. గరిటె పెట్టి లేచింది. వేదిక దగ్గరికి నడిచి, "ఒడెల్, మెడమీద దయ చూపించకు. ఎంత సాగదీస్తావో అంత సాగదియ్యి" అంది గట్టిగా. వచ్చి రోలండ్ ఎదురు కుర్చీలో కూర్చుంది, మా బల్ల దగ్గర కాదు.

ఒడెల్ గంటన్నర వాయించాడు. నెమ్మదైన పాటల్లో తీగల్ని వేళ్ళతో లాగి లాగి ఏడిపించాడు, ఒకచోట తలకాయ పట్టుకుని మెడనే వంచి స్వరం ఊపాడు. అప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. విల్మా మాత్రం రోలండ్ మొహం మీద నుంచి చూపు తిప్పలేదు. మూడో పాట అయింది, పదమూడోది కూడా అయింది. పాత ఫ్యాక్టరీ వాళ్ళు బల్లల మీద చేతులతో దరువు వెయ్యడం మొదలెట్టారు.

అయిపోయాక ఒడెల్ దిగివచ్చి గిటారుని రోలండ్ చేతిలో పెట్టాడు. "చూడండి సార్" అన్నాడు, అంతే. రోలండ్ పనివాడు, ఆ మాట ఒప్పుకోవాలి. వెనక్కి తిప్పి, బొటనవేలితో ఆ తెల్లచారల మీద కిందికీ పైకీ రాశాడు. కళ్ళు మూసుకుంటే చారలున్నాయని తెలియదు, అంత నునుపు. చాలాసేపు చూశాడు.

"ఎవరు నేర్పారు నీకు?" అన్నాడు చివరికి.

"నువ్వే రోలండ్. రోజూ నా ఎదురుగానే చేసేవాడివి. నన్ను చూడలేదు నువ్వు, నేను నిన్ను చూశాను."

అతన్ని ఆవిడ పేరుపెట్టి పిలవడం అదే మొదటిసారి. అతనికీ తెలిసింది. చెవులు ఎర్రబడ్డాయి.

పదిరోజుల తర్వాత రోలండ్ షెడ్డుకి వచ్చాడు. చేతిలో అట్టపెట్టె, దాన్నిండా చచ్చిపోయిన పాత పికప్‌లు. ఇప్పుడు కొత్తవి ఎవరికీ వద్దట, పాతవే బాగుచేసి ఇమ్మంటున్నారట. అతని నలుగురిలో ఒక్కడికీ తీగ తెగకుండా చుట్టడం రాదు.

"ఎన్ని కావాలంటే అన్ని పంపిస్తాను. చీటీ మీద మా షాపు పేరుంటుంది, పద్ధతి అది" అన్నాడు.

"చుట్టినవాళ్ళ పేరు కూడా ఉండాలి. నాదీ, బెర్డీన్‌దీ."

"ఎవరు చుట్టారని కస్టమరు అడగడు విల్మా."

"అడగనప్పుడు ఉంటే నీకేం నష్టం?"

"రేపు వాళ్ళు నేరుగా ఇక్కడికే వస్తారు."

"అదీ అసలు మాట" అంది విల్మా. అట్టపెట్టె మూత వేసి, తాడు కట్టి, తిరిగి అతని చేతుల్లో పెట్టింది. "పాతికేళ్ళు పేరు లేకుండా చుట్టాం. ఇంక చుట్టం."

నాకు భయమేసింది. ఆ పెట్టె నిండా మూడు నెలల పని ఉంది. అతను కారెక్కాక ఆ మాటే అన్నాను. విల్మా ఒక ఫ్రెటు తీసుకుని ఆకురాయితో రుద్దుకుంటూ కూర్చుంది. ఆ చలికాలం మాకు నిజంగానే పని లేదు. ఇద్దరం ఆవిడ వంటింట్లో బఠాణీ సూపు తాగుతూ కిటికీలోంచి మంచు చూశాం. ఆవిడ ఒక్కసారి కూడా తప్పు చేశానేమో అనలేదు. వసంతంలో డెట్రాయిట్ నుంచి ఒకాయన వచ్చాడు, ఒడెల్ పంపాడని. తర్వాత ఇంకొకరు. ఆపైన రోలండ్ నలుగురిలో ఒకడే, చెప్పాపెట్టకుండా, తన సొంత గిటారు తెచ్చాడు. ఆ షాపు మూతపడలేదు, బాగానే నడిచింది. విల్మాకి పని నేర్పింది తనేనని రోలండ్ బతికినన్నాళ్ళూ చెప్పుకున్నాడు. ఎవరైనా అడిగితే, "సగం నిజం చెబుతున్నాడు, అతనికి అదే ఎక్కువ" అనేది విల్మా.

పదమూడేళ్ళు ఆ షెడ్డులో పనిచేశాం. చుట్టడమే కాదు, మెడలు, ఫ్రెట్ల పని కూడా నేను ఆవిడ పక్కనే నేర్చుకున్నాను. అక్కడ బాగైన ప్రతి గిటారు లోపల మూత కింద రెండు పేర్లు రాసి ఉంటాయి. విల్మాకి ఒక కంటికి శుక్లం వస్తే డాక్టరు పని మానెయ్యమన్నాడు. రెండో కన్ను ఉందిగా అని చెప్పి వచ్చేసింది. 1999 అక్టోబరులో, ఒక గురువారం పొద్దున, కాఫీ పెట్టుకుంటూ వంటింట్లో కూలిపోయింది. డెబ్భై నాలుగేళ్ళు.

చర్చిలో పాస్టరు గారు చక్కగా మాట్లాడారు. మంచి భార్య అన్నారు, మంచి తల్లి అన్నారు, ఆదివారం ఏనాడూ మానలేదన్నారు. ప్రార్థనకి తల వంచమన్నారు. మా చర్చిలో అంత్యక్రియలప్పుడు పాస్టరు తప్ప ఎవరూ నోరెత్తరు. ఆడవాళ్ళు అసలే ఎత్తరు. నేను లేచి నిలబడ్డాను.

"క్షమించండి పాస్టరు గారూ, ఒకటి మరిచిపోయారు. విల్మా గిటార్లు బాగుచేసేది. ఈ రాష్ట్రంలో ఆవిడంత బాగా చేసేవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. అది కూడా చెప్పి ప్రార్థన చెయ్యండి."

వెనక ఎవరో దగ్గారు. పాస్టరు గారు కాగితం వైపు చూసి, నా వైపు చూసి, ఆ మాట చెప్పారు. తడబడ్డారు కానీ చెప్పారు.

తర్వాత కింద హాల్లో కాఫీ, హ్యామ్ పెట్టిన బన్నులు. నా చెల్లెలు నాతో మాట్లాడకుండా దూరంగా కూర్చుంది, పరువు తీశానని. ఒకామె నా దగ్గరికి వచ్చింది, నలభై ఏళ్ళుంటాయి, ఎప్పుడూ చూడలేదు. తన గిటారు విల్మా దగ్గర ఉండిపోయిందట, మెడ విప్పి పెట్టిందట.

"ఇప్పుడు దాన్ని తీసుకెళ్ళిపోవాలా అండీ?" అని అడిగింది.

"ఎందుకు తీసుకెళ్ళడం? సోమవారం ఎనిమిదింటికి షెడ్డు తెరుస్తాను. వచ్చే వారానికి వచ్చి పట్టుకెళ్ళు" అన్నాను.